ఇరుకు గోడలో నల్లా పైపు: మేస్త్రి ఒప్పుకోని సలహాలు

కరీంనగర్‌లో గానీ ఆదిలాబాద్‌లో గానీ ఇల్లు మొదలుపెట్టినవాళ్లకు సలహాలకు కొదవుండదు. బావమరిది చెప్తాడు, పక్కింటాయన చెప్తాడు, టైల్స్ షాపువాడు చెప్తాడు. అందరూ కలిసి గట్టిగా చెప్పే మాట మాత్రం ఒకటే: "పైపులన్నీ గోడల వెట్టి మూసేద్దాం సారూ, బయటికి ఏం కనబడద్దు." నేనిక్కడ చెప్పేవన్నీ దానికి ఎదురు సలహాలు. గదిని కొంచెం చిన్నది చేయమంటాను, గోడను లావు చేయమంటాను. ఇటుక పేర్చకముందే నల్లాలు కొనమంటాను. కనపడే పైపును కనపడనివ్వమంటాను. సైటు మీద ఈ మాటలంటే తిక్క సలహాలంటారని నాకు తెలుసు. కానీ గోడ మూశాక ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు ఉండేది మీరే. చెమ్మ పట్టిన గోడను చూస్తూ బతకాల్సిందీ మీరే.

ముందు గోడ లెక్క చూడండి

మన దగ్గర లోపలి గోడలు ఎక్కువగా నాలుగున్నర ఇంచులవే. బయటి గోడ తొమ్మిది ఇంచులు పెట్టినా, రెండు బాత్‌రూంల మధ్య, బాత్‌రూంకూ బెడ్‌రూంకూ మధ్య నాలుగున్నరే పెడతారు. రామగుండం ఎన్టీపీసీ బూడిదతో చేసిన ఇటుక అయినా, భట్టీలో కాల్చిన ఎర్ర ఇటుక అయినా కొలత దాదాపు అదే. ఆ నాలుగున్నర అంటే 114 మిల్లీమీటర్లు. పైపులన్నీ దాచమని మనం అడుగుతున్నది ఈ 114 మిల్లీమీటర్లలోనే.

ఇటుక కట్టడానికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 2212. గోడలో కొట్టే గాడి ఎంత లోతు ఉండొచ్చో అందులో రాసి ఉంది. నిలువు గాడి అయితే గోడ మందంలో మూడో వంతు మించకూడదు, అడ్డ గాడి అయితే ఆరో వంతు మించకూడదు. నాలుగున్నర ఇంచుల గోడకు మూడో వంతంటే 38 మిల్లీమీటర్లు, ఆరో వంతంటే 19. మనం వాడే ముప్పావు ఇంచు సీపీవీసీ పైపు బయటి కొలత 22 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే ఆ పైపును ఈ గోడలో అడ్డంగా పెట్టడానికి చోటే లేదు. పైపు మీద కప్పడానికి సిమెంటు సంగతి అటుంచండి, వట్టి పైపు కూడా పట్టదు. అయినా రోజూ పెడుతున్నారు. గీజరు నుంచి షవర్‌కు, షవర్ నుంచి వాష్‌బేసిన్‌కు నడుము ఎత్తులో గోడ పొడవునా కటింగ్ మిషన్‌తో కోసి, ఉలితో తవ్వి పెడుతున్నారు. అవతలి బాత్‌రూంవాళ్లు కూడా అదే ఎత్తులో అటువైపు నుంచి తవ్వితే మధ్యలో మిగిలేది రెండు వేళ్ల ఇటుక. తర్వాత ఆ గోడకు అడ్డంగా సన్నటి బీట వస్తుంది. అప్పుడు అందరూ సిమెంటు కంపెనీని తిడతారు.

పిల్లర్ల మీద లేచిన ఇంట్లో ఈ గోడ స్లాబు బరువు మోయదు కాబట్టి ఇల్లు కూలదు, బీటతో సరిపోతుంది. కానీ గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు పాత ఇళ్లలోనూ, మన పట్టణాల్లో పిల్లర్లు లేని పాత ఇళ్లలోనూ గోడే బరువు మోస్తుంది. అలాంటి ఇంట్లో కొత్తగా అటాచ్డ్ బాత్‌రూం పెట్టుకోవాలనుకుంటే గోడ మీద ఉలి పెట్టనివ్వకండి. పైపు గోడ మీదుగానే పోనివ్వండి.

అడ్డంగా వద్దు, పైనుంచి నిలువుగా దింపండి

పైన చెప్పిన లెక్కలోనే దారి కూడా ఉంది. అడ్డంగా 19 మిల్లీమీటర్లే ఇచ్చిన గోడ, నిలువుగా 38 ఇస్తుంది. ఆ 38లో 22 మిల్లీమీటర్ల పైపు పడుతుంది, దాని ముందు సిమెంటు కప్పడానికీ చోటు మిగులుతుంది. కాబట్టి అడ్డంగా పోవాల్సిన లైన్లన్నీ తలుపు ఎత్తుకు పైన, సజ్జ మట్టంలో, గోడ బయటే క్లాంపుల మీద పోనివ్వండి. అక్కడ నుంచి ఒక్కో నల్లాకు ఒక్కో పైపు నిటారుగా దిగాలి. సజ్జ కింద పోయే ఆ పైపులు ఎవరి కంటికీ అడ్డం రావు. అంతగా అయితే కింద ఒక పీవోపీ షీటు పెట్టుకోండి, అది విప్పేలా ఉండాలి.

ఇలా చేస్తే పైపు ఎక్కువ పడుతుందని ప్లంబర్ అంటాడు. నిజమే, పడుతుంది. కానీ అడ్డ గాడి కొట్టే కూలీ మిగులుతుంది. ఇంకో లాభం ఉంది, అది డబ్బుతో కొలిచేది కాదు. నల్లా ఎక్కడుందో దానికి సూటిగా పైన పైపు ఉందని ఎవరికైనా తెలుస్తుంది. పదేళ్ల తర్వాత అద్దం బిగించడానికి వచ్చిన కుర్రాడు డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో మీరు వేలు పెట్టి చూపించగలరు. వంకరటింకరగా అడ్డంగా తిరిగిన లైను అయితే, వేసినవాడికి కూడా ఆరు నెలల తర్వాత గుర్తుండదు.

నాలుగు ఇంచుల పైపును గోడలోకి రానివ్వకండి

కమోడ్ నుంచి వచ్చే పైపు బయటి కొలత 110 మిల్లీమీటర్లు. గోడ 114. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి చూశాక కూడా ఆ పైపును ఆ గోడలో దాచుదామనేవాడితో వాదన పెట్టుకోవద్దు, పని ఆపించండి. పైపు నిలబెట్టి, రెండువైపులా కోడి జాలీ కొట్టి, మీద గిలాబు చేసేస్తే గోడ ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి అక్కడ గోడ లేదు, ప్లాస్టిక్ పైపు మీద సిమెంటు పొర ఉంది. పై అంతస్తులో ఫ్లష్ చేసిన ప్రతిసారీ ఆ చప్పుడు పడకగదిలో వినిపిస్తుంది. తర్వాత జాలీ అంచుల వెంట నిలువు బీటలు వస్తాయి.

ఆ పైపు ఇంటి బయట, వెనక సందులోకి పోవాలి. మన పాత బస్తీల్లో, కరీంనగర్ కాశ్మీర్‌గడ్డ, మంకమ్మతోట లాంటి చోట్ల ఆ సందు మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టనంత ఇరుకు. అలాంటి సందులో పైపును గోడకు ఆనించి బిగిస్తే వెనకవైపు జాయింటు చేయి పెట్టి తుడవడానికి కూడా వీలుండదు. గోడకూ పైపుకూ మధ్య రెండు వేళ్లు దూరే సందు ఉంచి క్లాంపు వేయించండి. ప్రతి అంతస్తులో మూత ఉన్న బెండు, అదే డోర్ బెండు, మూత మనిషికి అందేవైపు తిరిగేట్టు పెట్టించండి. గోడవైపు తిప్పి బిగించిన డోర్ ఉన్నా లేనట్టే.

పైపు పోవడానికి అడ్డంగా బీమ్ వస్తే, బీమ్ జోలికి పోవద్దు. "సిన్న బొక్కనే గదా అన్నా" అంటూ సుత్తె ఎత్తేవాళ్లుంటారు. బీమ్ కింది భాగంలో ఉన్న ఇనుప కడ్డీలే పై అంతస్తు బరువు మోసేది. పైపు దారి మార్చుకోవచ్చు. స్లాబు వేసే ముందే సెంట్రింగ్ మీద ఆ చోట ఖాళీ పైపు ముక్క నిలబెట్టి ఉంచితే ఈ బాధే రాదు. దాని కోసమే, స్లాబు వేసే రోజు ప్లంబర్ సైటు మీద ఉండాలని నేను పట్టుబడతాను. గిలాబు మొదలయ్యాక పిలిచే ప్లంబర్, అప్పటికే మూసుకుపోయిన దారుల్లో వెతుక్కోవాల్సి వస్తుంది.

గది అర అడుగు తగ్గించుకోండి

ఈ మాటకు ఎక్కువ కోపం వస్తుంది. నాలుగున్నర ఇంచుల గోడే పెట్టి, దానికి వేలాడే కమోడ్ కావాలి, ఫ్లష్ ట్యాంకు ఆ గోడలో దాగాలి, షవర్‌కు నీళ్లు మళ్లించే డైవర్టర్ కావాలి అంటారు. దాగే ఫ్లష్ ట్యాంకే మూడు నుంచి అయిదు ఇంచుల దాకా మందం ఉంటుంది. అది పట్టాలంటే గోడ మొత్తం పోవాలి.

పాత గోడను ముట్టకుండా, దానికి ముందు నడుము ఎత్తుదాకా ఇంకో సన్నగోడ కట్టండి. రెండింటి మధ్యలో ట్యాంకు, పైపులు అన్నీ ఉంటాయి. ఆ గోడ నెత్తిన గ్రానైట్ పలక వేస్తే సబ్బులు, నూనె సీసాలు పెట్టుకునే అరుగు అవుతుంది. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు ఉండగా ముక్కకు కరువా? ఆ పలకను సిమెంటుతో పాతేయకుండా సిలికాన్‌తో అంటించండి, అవసరమైన రోజు లేపొచ్చు. గది సుమారు అర అడుగు తగ్గుతుంది. ఏడడుగుల బాత్‌రూం ఆరున్నర అడుగులయితే ఎవరి స్నానమూ ఆగదు.

చోటే లేనివాళ్ల సంగతి వేరు. ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల సాయంతో 400 చదరపు అడుగుల నుంచి కట్టుకుంటున్నవాళ్లకు నేను ఇంకో గోడ కట్టుకోమని చెప్పను. వాళ్లకు నా సలహా సూటిగా ఒకటే: ఏ పైపునూ గోడలో పెట్టకండి. అన్నీ గోడ మీదే, క్లాంపులతో, తిన్నగా పోనివ్వండి. దాచిన పైపు కారిన రోజు అయ్యే ఖర్చు ఆ ఇంటికి పెద్ద దెబ్బ. గోడ మీది పైపు కారితే ఒక కప్లింగ్, ఒక పూట పని. చుట్టాలు ఏమనుకుంటారోనని అప్పు చేసి గోడలు తవ్వించుకోవద్దు.

ఇటుక లేవకముందే నల్లాలు కొనండి

టైల్స్ ఎంచుకోవడానికి కుటుంబమంతా కలిసి పోతారు, నల్లాలు మాత్రం చివరికి, మిగిలిన డబ్బుతో కొంటారు. ఈ వరుస తిరగేయండి. వాల్ మిక్సర్, డైవర్టర్, కమోడ్, వాష్‌బేసిన్ ముందు కొని, పెట్టెల్లోని కొలతల కాగితాలు ప్లంబర్ చేతిలో పెట్టండి. వాల్ మిక్సర్‌కు వేడి, చల్ల రెండు మూతుల మధ్య దూరం 150 మిల్లీమీటర్లు, వేడి ఎడమవైపు. డైవర్టర్‌కు మాత్రం కంపెనీకో లోతు. దాని ప్లాస్టిక్ టోపీ మీద రెండు గీతలుంటాయి, టైల్ ముఖం కచ్చితంగా ఆ రెండు గీతల మధ్యనే రావాలి. లోపలికి దిగితే హ్యాండిల్ అందదు, బయటికి వస్తే పళ్లెం గోడకు ఆనదు. రెండింటికీ మందు టైల్స్ పగలగొట్టడమే.

వట్టి ఇటుక ముఖం నుంచి టైల్ ముఖం దాకా ఎంత ముందుకొస్తుందో ఎవరూ ముందుగా లెక్కేయరు. గిలాబు అర ఇంచు, కింద పట్టించే సిమెంటు లేదా అడెసివ్ కొంత, టైల్ మందం కొంత, అన్నీ కలిపితే ఇంచుంపావు దాకా అవుతుంది. గుండు వేసి చూసినప్పుడు గోడ వంకరగా ఉంటే ఇంకా ఎక్కువ. ఆ లెక్క లేకుండా బ్రాస్ ఎల్బోను ఇటుక మట్టానికి బిగిస్తే, చివర్లో మూతి లోపలెక్కడో ఉంటుంది. అప్పుడు ఎక్స్‌టెన్షన్ నిపుల్ వేస్తారు, అది చాలకపోతే దాని మీద ఇంకోటి. ప్రతి నిపుల్ టైల్ వెనక ఇంకో మర జాయింటు. మన ఇళ్లలో టైల్ సందుల్లోంచి చెమ్మ ఊరడం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. టైల్ ముక్కను, దాని కింద రాబోయే మందాన్ని గోడకు ఆనించి పట్టుకుని, ఆ ముఖానికి ఎల్బో మూతి సరిపోయేట్టు పెట్టమనండి. టైల్ చేతిలో లేకుండా ఈ పని కుదరదు.

ఇరుకులో జోడించే పని

ఇప్పుడు అసలు కష్టానికి వద్దాం. నాలుగంగుళాల గుంతలో, మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేత్తో టార్చి పట్టుకుని చేసే పని ఇది. సీపీవీసీ ముప్పావు ఇంచు పైపు ఫిట్టింగ్‌లోకి దాదాపు 18 మిల్లీమీటర్లు దూరాలి. గాడిలో పైపు అటూ ఇటూ జరగడానికి చోటుండదు కాబట్టి ఆ 18 దూరదు, 10 దూరుతుంది. బయటికి చూస్తే అతుక్కున్నట్టే ఉంటుంది. ట్యాంకు ఒత్తిడికి నిలబడుతుంది కూడా. ప్రెషర్ పంపు పెట్టిన రోజు ఊడుతుంది.

అందుకే గోడలో జోడించొద్దు. నేల మీద, వెలుతురులో, ఒక చెక్క మీద పెట్టి జోడించండి. మిక్సర్‌కు కావలసిన రెండు బ్రాస్ ఎల్బోలను 150 మిల్లీమీటర్ల దూరంలో రెండు రంధ్రాలు పెట్టిన గట్టి పలకకు బిగించి, పైకి పోయే పైపులు వాటికి అతికించి, ఆరాక మొత్తం ఒకే ముక్కగా గోడలో నిలబెట్టండి. ఎల్బోల్లో రెండు పొడుగు నిపుల్స్ బిగించి వాటి మీద లెవల్ పెడితే రెండు మూతులూ ఒకే మట్టంలో ఉన్నాయో, ఒకటి నేల చూస్తోందో వెంటనే తెలుస్తుంది. ఇక మిగిలేది పైన సజ్జ దగ్గర చేసే రెండు జాయింట్లు, అవీ గోడ బయటే ఉంటాయి. గోడ లోపల ఎల్బోలు తప్ప మధ్యలో కప్లింగ్ అన్నదే ఉండకూడదు. మిగిలిపోయిన ముక్కలు కలిపి లైను లాగే ప్లంబర్‌ను ఆపండి. పైపు ముక్కకు మీరు ఇచ్చే డబ్బు, కారే జాయింటుకు ఇచ్చేదానికంటే చాలా తక్కువ.

మర తిప్పే పనులన్నీ అతికించే పనికంటే ముందు కావాలి. అతికించాక రెంచి వేసి తిప్పితే, ఇంకా పచ్చిగా ఉన్న జాయింటు లోపల మెలిపడుతుంది. తిప్పక తప్పనప్పుడు ఒక రెంచితో ఎల్బోను కదలకుండా పట్టుకుని, ఇంకోదానితో తిప్పాలి. ఆ రెంచి తిరగడానికి గుంత చుట్టూ ఖాళీ కావాలి. గుంత పెద్దదైతే మేస్త్రి గొణుగుతాడు, గొణగనివ్వండి. తర్వాత సిమెంటుతో నింపుకోవచ్చు.

వంకర కుదరనప్పుడు పాత న్యూస్ పేపరు కాల్చి పైపును వేడిచేసి వంచడం మన దగ్గర మామూలు పని. దీన్ని ఒప్పుకోవద్దు. మంట తగిలినచోట పైపు గోడ ఒకవైపు పలచబడుతుంది, గొంతు కూడా నొక్కుకుపోతుంది. వంకర కావాలంటే నలభై అయిదు డిగ్రీల ఎల్బోలు దుకాణంలో దొరుకుతాయి. అలాగే కారిన జాయింటు మీద పైపు అతికించే సొల్యూషన్ పైనుంచి పూయడం, ఎం-సీల్ మెత్తడం గోడలో పనికిరాని పనులు. కారిన జాయింటును కోసి తీసేయాలి.

సొల్యూషన్ డబ్బా మీద పేరు చదవండి. యూపీవీసీది సీపీవీసీకి పూయకూడదు. మే నెలలో జగిత్యాల, రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, మూత తెరిచిన డబ్బా తొందరగా ముద్దవుతుంది. ముద్దయిన సొల్యూషన్‌లో థిన్నర్ కలిపి వాడతారు. ఆ డబ్బా పారేయించండి. ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరి పొద్దుటి పూట దీనికి సరిగ్గా ఎదురు కష్టం. చలి ఒంటి అంకెకు దిగే రోజుల్లో జాయింటు ఆరడానికి మామూలుకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. అక్కడ పొద్దున అతికించి మధ్యాహ్నం నీళ్లు వదలొద్దు, మరునాటిదాకా ఆగండి. పైపును చక్కగా అడ్డంగా కోసి, అంచు పొట్టు గీసి, తడి, ఇసుక లేకుండా తుడిచి, పావు వంతు మెలి తిప్పుతూ దూర్చి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. ఇంత చిన్న పనికి ఓపిక లేని చేయి మీ గోడకు అక్కర్లేదు.

వేడి నీళ్ల పైపు పొడుగు సాగుతుంది. చలికాలం 15 డిగ్రీల నీళ్లున్న పైపులోకి గీజరు నుంచి 60 డిగ్రీల నీళ్లు వస్తే, మూడు మీటర్ల సీపీవీసీ పైపు దాదాపు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని సిమెంటుతో బిగబట్టి కూర్చోబెడితే ఆ ఒత్తిడంతా ఎల్బోల మీద పడుతుంది. పైపు చుట్టూ పలచటి ఫోమ్ చుట్టి, ఆ తర్వాతే గాడి పూడ్చండి. ఫోమ్ మందం కూడా గాడి లెక్కలో వేసుకోండి. వేడి, చల్ల పైపులు ఒకదానికొకటి ఆనకుండా చూడండి.

నేల కదిలే చోట

ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా 2016లో నాలుగు ముక్కలైంది, కరీంనగర్ కూడా అదే ఏడు విడిపోయింది. జిల్లాలు మారినా నేల మారలేదు. కరీంనగర్ వైపు చాలావరకు రాతి మీది ఎర్రనేల, చెల్క. ఆదిలాబాద్ వైపు నల్లరాతి మీది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు పగుళ్లిచ్చే నేల అది. దాని మీద లేచిన గోడ ఏటా కొద్దిగా కదులుతుంది. అక్కడ నేలలోంచి గోడలోకి వచ్చే పైపును గోడకు సిమెంటుతో బిగిస్తే, గోడ కదిలినప్పుడు పైపు విరుగుతుంది. గోడలో ముందుగా లావు పైపు ముక్క పెట్టి, దాని లోపలినుంచి నీళ్ల పైపు పోనిచ్చి, చుట్టూ ఖాళీని మెత్తటి సిలికాన్‌తో మూయండి. గోదావరిఖని దగ్గర ఓపెన్‌కాస్ట్ పేలుళ్ల అదురు తగిలే ఇళ్లకు కూడా ఇదే మందు.

ఇక పాత ఇళ్ల గోడల సంగతి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథను 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలుపెట్టారు. ఆ పథకం తర్వాత, నల్లా అంటే తెలియని పాత ఇళ్లలోకి కూడా పైపు వచ్చింది. నిర్మల్, జగిత్యాల ఊళ్లలో ఆ ఇళ్ల గోడలు చూశారా? మట్టితో, రాతితో, డంగు సున్నంతో కట్టిన అడుగున్నర, రెండడుగుల గోడలు. వాటిలో గాడి కొట్టడమంటే రాళ్లను ఒకదాని తర్వాత ఒకటి వదులు చేయడమే. పైగా అలాంటి గోడలో నీరు కారితే, సిమెంటు గోడలా ఉప్పు పొంగి ఊరుకోదు, లోపలి మట్టి కరిగిపోతుంది. రాతి గోడకు ఒక్క రంధ్రం, అది కూడా రెండు రాళ్ల మధ్య సందులో, బయటికి కాస్త వాలుగా పెట్టండి. మిగతా పైపంతా గోడ మీదే.

గోడ మీది పైపుకు ఎండ శత్రువు. బయట, పడమటి గోడ మీద పోయే ప్లాస్టిక్ పైపు కొన్నేళ్లకు పెళుసవుతుంది. దానికి నీళ్లతో కలిపే రంగు రెండు పూతలు వేయండి. ఆయిల్ పెయింటు మాత్రం వద్దు, అందులోని ద్రావకం సీపీవీసీని దెబ్బతీస్తుంది.

ఇక వాస్తు. దాన్ని నమ్మేవాళ్లతో నాకు తగువు లేదు. కానీ సిద్ధాంతిని పునాదికి ముందే పిలిచి తేల్చుకోండి. గోడలు లేచాక బాత్‌రూంను వాయవ్యానికి జరపమంటే, ఆ జరిగిన దూరమంతా పైపు గోడల్లో తిరగాల్సి వస్తుంది. వంటిల్లు, బాత్‌రూంలు వీలైనంత ఒకే వైపుకు వచ్చేట్టు అడగండి. చాలామంది సిద్ధాంతులు దానికి దారి చూపిస్తారు.

గేజీ ముల్లు చూశాకే గిలాబు

"ట్యాంకు నింపి చూసినం, కారలేదు" అంటారు. నీటి మట్టం పది మీటర్ల ఎత్తులో ఉంటే కింద వచ్చే ఒత్తిడి సుమారు ఒక కిలో, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. బాత్‌రూం నెత్తిన ఉన్న ట్యాంకుకు అది కూడా ఉండదు. ఆ ఒత్తిడికి సగం దూరిన జాయింటు కూడా నిలుస్తుంది. చేత్తో కొట్టే టెస్టింగ్ పంపు కిరాయికి దొరుకుతుంది. చివరి జాయింటు అతికించిన మరునాడు, లైన్లో గాలంతా పోయేలా నీళ్లు నింపి, అన్ని మూతులకూ ఎండ్ ప్లగ్గులు బిగించి, పది కిలోల దాకా కొట్టి, కనీసం రెండు గంటలు ఉంచాలి. గాలితో పరీక్ష మాత్రం వద్దు. ప్లాస్టిక్ పైపులో బిగించిన గాలి పేలితే ముక్కలు మనిషికి తగులుతాయి.

ఒత్తిడి చూపించే గేజీని అంతటితో తీసేయకండి. ఒత్తిడి మూడు నాలుగు కిలోలకు దించి, టైల్స్ పని అయిపోయేదాకా లైన్లోనే ఉంచండి. గోడకు మేకు కొట్టినా, కటింగ్ మిషన్ బ్లేడు తగిలినా ముల్లు పడిపోతుంది, ఆ రోజే తెలుస్తుంది. మేస్త్రికి ఇది నచ్చదు, తనను అనుమానిస్తున్నారనుకుంటాడు. అతన్ని కూర్చోబెట్టి చెప్పండి, ఇది అతని మీద నింద పడకుండా కాపాడేది కూడా.

ఈ మాట నేను ముఖ్యంగా గల్ఫ్‌లో ఉన్నవాళ్ల కోసం, ఇక్కడ ఇల్లు చూసుకుంటున్న వాళ్ల ఇల్లాళ్ల కోసం చెప్తున్నాను. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లు దుబాయ్, మస్కట్, సౌదీ సంపాదనతో లేచాయి. మనిషి అక్కడుంటాడు, ఇల్లు ఇక్కడ లేస్తుంది. అతను వచ్చేసరికి గోడలన్నీ మూసి, రంగులేసి, గృహప్రవేశం ముహూర్తం పెట్టి ఉంటుంది. ఇటు సైటు మీద ఆమె ఏదడిగినా "నీకు తెల్వదక్కా, మేం జూసుకుంటం" అంటారు. అక్కా, మీకు తెలియాల్సింది మూడే. గాడి పూడ్చకముందు ప్రతి గోడకూ టేపు ఆనించి, కొలత కనిపించేలా ఫోటో తీయండి. పంపు కొట్టినప్పుడు గేజీ ఫోటో తీయండి, రెండు గంటల తర్వాత మళ్లీ తీయండి. రెండూ వాట్సాప్‌లో ఆయనకు పంపి, అవతలినుంచి సరే అన్న తర్వాతే పని డబ్బు ఇవ్వండి. గల్ఫ్‌లో ప్లంబింగ్ పని చేసి వచ్చినవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం పెట్టకుండా గోడ మూయనివ్వని సైట్లు చూసినవాళ్లు. అలాంటి మనిషి దొరికితే రోజు కూలీ కొంచెం ఎక్కువైనా అతన్నే పెట్టుకోండి, అక్కడ నేర్చుకున్న పద్ధతి ఇక్కడా చేయమని అడగండి.

కంట్రోల్ వాల్వుల గురించి ఒక్క మాట. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, రెండు మూడేళ్లలో వాల్వు పట్టేస్తుంది, మిక్సర్ గొంతు పూడుకుంటుంది. ప్రతి బాత్‌రూంకూ వేడికొకటి, చల్లకొకటి బాల్ వాల్వు, చేతికందే చోట, గోడ బయట పెట్టించండి. బాత్‌రూం అవతల బెడ్‌రూంలో గోడ అల్మారా ఉంటే, మిక్సర్ వెనక వైపు దాని లోపల ఒక చిన్న చెక్క తలుపు వదలండి. మిక్సర్ వెనక ఏం జరిగినా టైల్స్ జోలికి పోకుండా అటునుంచి చేయొచ్చు.

ఈ నెలలో మీ ఇంటి బాత్‌రూం గోడలు మూయబోతుంటే, గిలాబు చేసేవాళ్లను రెండు రోజులు ఆపండి. వాళ్ల కూలీ నష్టం మీరే భరించండి. పంపు తెప్పించి, పది కిలోలు కొట్టించి, మీ కళ్లతో గేజీ చూశాకే సిమెంటు కలపనివ్వండి.